జానెడు తక్కువ గీత

నేను ఎవరి సాయమూ అడగను. కొందరు దీన్ని పొగరంటారు. నేను మాత్రం సుగుణంగానే జమకట్టుకున్నాను. ఎడమ చెయ్యి పడిపోయాక ఒంటిచేత్తో, గుండీలు ఒక కాజా తప్పుగా పెట్టుకుని వనపర్తి దవాఖానకు పోయేటప్పుడు కూడా ఆ సుగుణాన్ని వదల్లేదు.

రెండువేల ఎనిమిదిలో ఆ దవాఖానకు హైదరాబాదు నుంచి ఒక మిషను వచ్చింది, నెలన్నర కోసం. పక్షవాతం వచ్చిన చేతిని దాని ఇనుప చేతికి కట్టి, తెర మీది చుక్కను అందుకోమనేవారు. చెయ్యి ఎంత కదిలితే తెర మీద అంత గీత. అందనప్పుడు మిషను మోటారు చేతిని కాస్త ముందుకు తోసేది. మూడు వారాల్లో గీత చుక్కను తాకకపోతే పేరు కొట్టేసి, ఆ చోటు ఇంకొకరికిస్తారు.

నా తర్వాతి వంతు వీపనగండ్ల భీమన్నది. పడిపోయింది కుడి చెయ్యి. భార్య కాంతమ్మ పోయి రెండేళ్లు. ఎడమ చేత్తో వండుకుని ఎడమ చేత్తోనే తినేవాడు. ఆ సిగ్గుతో ఎవరింట్లోనూ విస్తరి ముందు కూర్చునేవాడు కాదు.

ఆయన చెయ్యి ముందుకు పోదు. పైకి లేస్తుంది, ఆడమనిషి తల మీద కడవ ఉండేంత ఎత్తుకు. అక్కడికి జానెడు దూరంలో ఆగి వెనక్కి వస్తుంది. సరిగ్గా ఆ చోట, గాల్లోంచి గచ్చు మీదికి నీళ్లు కారేవి. ఆయన ఊరిదే అయిన సారమ్మ అక్కడ ఊడ్చే పని చేసేది. "కాంతమ్మక్క నిండుగ తెస్తది, తొణుకుతది," అంటూ బట్టతో తుడిచేది. డాక్టరు కాలు జారకుండా చుట్టూ తిరిగి పోయేవాడు.

మిషను నడిపే హెప్సిబా చుక్కనే ఆ ఎత్తుకు జరిపింది. అయినా జానెడు తక్కువే.

"పెద్దనాయనా, రేపొక్క దినమే ఉన్నది. జర చాపరాదు?"

"చేతనైతలేదు బిడ్డా."

"అబద్ధం. వెనక్కి గుంజుతున్నది నువ్వేనని గీత చెప్తున్నది."

భీమన్న నీళ్ల వైపు చూశాడు. "బోరింగు కాడ నీళ్లు పట్టుకొచ్చి వాకిట్ల నిలబడేది. నేను దించేటోన్ని. దించినంక లోపటికి పోయేది. ఇప్పుడు దించితే ఏడికి పోతదో నాకు తెల్వదు."

సారమ్మ బట్ట పిండుతూ తలెత్తింది. "గందుకని గట్లనే నిలబెడ్తవా? మెడ నొయ్యదా ఆమెకు?"

నాకు అడగడం రాదు గానీ అడగకపోయినా సలహా ఇవ్వడం వచ్చు. ఆ పూట మాత్రం లేచి ఇంటికి పోయాను.

మర్నాడు భీమన్న మోటారు ఆపెయ్యమన్నాడు. చెయ్యి తనంతట తాను లేచింది. జానెడూ దాటింది. ఎడమ చెయ్యీ వచ్చి కలిసింది. రెండు చేతులూ గాల్లో గుండ్రటిదేదో పట్టుకుని, బరువుకు వణుకుతూ, మెల్లగా ఒళ్లోకి దించాయి. ధోవతి తడిసింది.

"పో ఇగ," అన్నాడు. "లోపటికి పో."

ఆయన పేరు నిలిచింది. గచ్చు మళ్లీ తడవలేదు. సారమ్మ రెండు రోజులు బట్ట పట్టుకుని ఊరికే వచ్చి నిలబడింది.

నా పేరు అదే రోజు కొట్టేశారు. మిషను సాయానికి వస్తే నేను బిగబట్టుకుంటున్నానని గీతలో తేలిందట.

మిషను వెళ్లిపోయే రోజు చూడ్డానికి పోయాను. భీమన్న అందరితో దవాఖాన అరుగు మీద కూర్చుని, కుడి చేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, ఏమీ అడగకుండా, నా గుండీలన్నీ విప్పి సరైన కాజాల్లో పెట్టాడు. చివరి గుండీకి చాలాసేపు పట్టింది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇప్పటికీ నా చొక్కా ఒక కాజా తప్పే ఉంటుంది. పక్కింట్లో మనుషులున్నారు. "జర పెట్టు" అంటే చాలు. ఆ మాట అనడం నాకింకా రాలేదు.