రాజనర్సు నోట్లో పుల్ల

బీపీ గోలీ ఒకటి పోయి రెండయింది గాని, రాజనర్సు బీపీ మాత్రం దిగలేదు. ఎందుకు దిగలేదన్న ప్రశ్న అతని కంటే ఎక్కువగా భార్య సుమనను పట్టుకుంది.

సుమనకు దేనికైనా కారణం తెలియకపోతే అన్నం సహించదు. సూరత్‌లోని అమ్రోలిలో మూడో అంతస్తు గదిలో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తూ రోజంతా అదే ఆలోచన. పచ్చడి మాన్పించింది. ఎండుచేపను గడప దాటనివ్వలేదు. పరగడుపున నానబెట్టిన మెంతులు తినిపించింది, పచ్చి వెల్లుల్లి నమిలించింది. ఏదీ పనిచేయకపోయేసరికి అనుమానం మొగుడి మీదికే మళ్లింది.

"నిజం చెప్పు. గోలీలు కిటికీలకెల్లి పారేస్తున్నవా?"

"పిచ్చి లేసిందా నీకు? నీ ముంగటనే మింగుతున్న గదా."

"మింగితే తగ్గాలె. తగ్గుతలేదంటే ఏందో ఉన్నది."

"ఉన్నది. నీ నస ఉన్నది" అని నవ్వి పనికి పోయాడు రాజనర్సు.

నవ్వాడు గాని అతనికీ లోపల బెరుకుగానే ఉంది. రెండో గోలీ మొదలైనప్పటి నుంచి పిక్కలు పట్టేస్తున్నాయి. మరమగ్గాల మధ్య పొద్దంతా నిలబడేవాడికి కాళ్లే కదా బతుకు.

ఒక మధ్యాహ్నం అతను అన్నం డబ్బా మరిచిపోతే సుమనే తీసుకుని ఖాతాకు వెళ్లింది. సూరత్‌లో మగ్గాల షెడ్డును అలాగే అంటారు. లోపల ఆ మోతలో మాట వినబడదు, అందరివీ సైగలే. రాజనర్సు వంగి తెగిన పోగు ముడివేస్తున్నాడు. నోట్లో ఓ మూలకు పసుపుపచ్చ పుల్ల కదులుతోంది. పట్టపగలు పండ్లు తోముకోవడమేమిటి? సుమన చెయ్యి ఊపి అతన్ని బయటికి పిలిచింది.

"ఏందది నోట్లె?"

"జేఠీమధ్. మన అతిమధురం. అంబదాస్ ఇచ్చిండు."

అంబదాస్ పక్క మగ్గాలు నడిపేవాడు. వీళ్లలాగే తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్ల కొడుకు. రాజనర్సు చేత తంబాకు మాన్పించింది అతనే. నోరు గుంజినప్పుడల్లా తంబాకుకు బదులు ఈ పుల్ల చేతిలో పెట్టేవాడు. ఖాతా దుమ్ముకు ఎండిపోయే గొంతుకు కూడా హాయిగా ఉండటంతో రాజనర్సు మళ్లీ దాన్ని వదల్లేదు.

"డాక్టరమ్మకు చెప్పినవా మరి?"

"వేరే మందులు ఏమన్న వాడుతున్నవా అని అడిగింది. లేదన్న. ఇది మందా? తిండా? ఉత్త కట్టె. నమిలి ఊంచుడే."

సుమన ఆ పుల్ల లాక్కుని కొస కొరికింది. బెల్లం కంటే తీపి. నాలుక మీద చాలాసేపు నిలిచింది. ఇంత తీపిలో ఏముందో, పొద్దంతా నమిలేవాడి కడుపులోకి ఎంత పోతుందో ఆలోచిస్తూ ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రమే రాజనర్సు మెట్లెక్కుతూ మధ్యలో కూలబడ్డాడు.

"సుమనా! కాళ్లు లేస్తలేవే."

ఆ గొంతులో నవ్వు లేదు. ఇరుగుపొరుగు సాయం పట్టి ఆటో ఎక్కించారు. సుమన ఎక్కేముందు మెంతులు, వెల్లుల్లి, ఆ పుల్ల అన్నీ ఒక సంచిలో వేసుకుంది.

దవాఖానలో డాక్టరమ్మ అతని కాళ్లు చూస్తుండగానే సుమన సంచిని బల్ల మీద కుమ్మరించింది. "మేడం, మీ గోలీలు కాక ఇతని నోట్లకు పోయేటియి ఇవే. ఏది గడబిడ చేస్తున్నదో చూడుండ్రి" అంది, వచ్చిన హిందీలో.

డాక్టరమ్మకు మొదట నవ్వొచ్చింది. వెల్లుల్లిని, మెంతులను పక్కకు జరిపింది. పుల్లను చేతిలోకి తీసుకున్నాక నవ్వు ఆగింది.

"ఇది ఎప్పటి నుంచి?"

"చలికాలం నుంచి" అన్నాడు రాజనర్సు. "రోజూ నోట్లనే ఉంటది."

వెంటనే గుండె పరీక్ష చేయించి, రక్తం పంపించింది. ఒంట్లో పొటాషియం బాగా తగ్గిపోయిందని తేలింది.

"ఈ వేరు ఒంట్లో ఉప్పును, నీళ్లను పట్టి ఉంచుతుంది. అందుకే బీపీ ఎక్కుతుంది. పొటాషియాన్నేమో బయటికి పంపేస్తుంది. నేనిచ్చిన రెండో గోలీ నీళ్లు తీసేది, అది కూడా పొటాషియాన్ని తీసుకుపోతుంది. రెండూ కలిసేసరికి కాళ్లలో బలం పోయింది" అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "తిండి, వేర్లు, పొడులు అని విడిగా అడగాల్సింది నేను."

"పసిపిల్లలకు గూడ అరగదీసి నాకిస్తరు గదా మేడం?" రాజనర్సు నమ్మలేకపోయాడు.

"ఒకరోజు నాకించడం వేరు, నెలల తరబడి నమలడం వేరు."

రాత్రికి అక్కడే ఉంచుకుని పొటాషియం ఎక్కించారు. నీళ్లు తీసే గోలీ ఆపేశారు.

ఇంటికొచ్చాక సుమనకు కొత్త దిగులు పట్టింది. పుల్ల మానితే తంబాకు మళ్లీ మొదలవదు కదా? డాక్టరమ్మనే అడిగితే, సోంపు గింజలు వేసుకోమంది. వాటితో నెట్టుకొచ్చిన మొదటివారం నరకమే అయింది. ఒకరోజు రాజనర్సు పాన్‌డబ్బా దాకా వెళ్లి నిలబడ్డాడు. కొనలేదు. ఆ మాట ఇంటికొచ్చి తనే చెప్పాడు.

అంబదాస్ చూడటానికొచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. "నేనే ఇచ్చిన వదినె. మంచి జరగాలని ఇచ్చిన."

"తంబాకు మానిపిచ్చినవు అంబదాసూ, అది తక్కువ పనా? రా, కూసో."

అతను కూర్చుని చాయ్ తాగి, కాసేపటికి మెల్లగా అన్నాడు. "నాకు గూడ బీపీ గోలీ ఉన్నది వదినె. నేను గూడ గదే నములుత."

మరునాడే సుమన అతన్నీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. అతని బీపీ కొంచెం ఎక్కువే ఉంది గాని, పొటాషియం బాగానే ఉంది. అతన్నీ మానమంది డాక్టరమ్మ.

"ఒకటే పుల్ల గదా మేడం, ఈయన కాళ్లు ఎందుకు పడిపోలేదు?" అని అడిగింది సుమన.

"ఇతనికి నీళ్లు తీసే గోలీ లేదు. ఎంత నమిలాడు, ఒంటి తత్వం ఏమిటి, ఇవి కూడా ఉంటాయి. అన్నీ నాకు కూడా తెలియవు."

వారాలు గడిచేకొద్దీ రాజనర్సు బీపీ దిగింది. ఇప్పుడు ఒక్క గోలీతోనే సరిపోతోంది. పనిలో మునుపటిలాగే నిలబడుతున్నాడు. సుమనకు మాత్రం ఒంటి తత్వమంటే ఏమిటో ఇంకా తేలలేదు. డాక్టరమ్మను ఈసారి తీరిగ్గా అడగాలనుకుంటూ ఇంకో చీరకు రాళ్లు అంటిస్తోంది.