సానియా రోజా

మిద్దె మెట్ల మీంచి పడి ఆరేళ్ల సానియా మోచెయ్యి విరిగింది. వెదురు దబ్బలేసి కట్టు కట్టేవాడి దగ్గరికే పోవాలని అత్త పట్టుబట్టింది. సానియా తల్లి జైనాబీ వినలేదు. బిడ్డను చంకనేసుకుని ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కింది.

"నా మాట కాదని పోతాండావ్. చెయ్యి వంకరబోతే నా గడప తొక్కాకు," అని గడప దాటేటప్పుడే అంది అత్త. మొగుడు పీరా లారీ మీద ఎక్కడో ఉన్నాడు. ఫోనెత్తడు.

ఆసుపత్రిలో డాక్టరు రాజశేఖర్ బిడ్డ మణికట్టు పట్టి చూశాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రం చుట్టమన్నాడు. చుట్టింది.

"నాడి బాగుందమ్మా, వేళ్లూ ఆడుతున్నాయి. రేపు ఆపరేషన్ చేస్తాం. పొద్దున లేచినాక ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా."

పొద్దున సానియా నీళ్లకు ఏడ్చింది.

"ఈపొద్దు మనిద్దరికీ రోజా. పొద్దుగూకేదాకా ఏమీ ముట్టగూడదు," అంది జైనాబీ.

"అది పెద్దోళ్లకు గదా?"

"నువ్వూ పెద్దదానివైతివిలే."

బిడ్డ ఏడుపు మింగింది. తల్లీ ఏమీ ముట్టలేదు.

సానియాను లోపలికి తీసుకుపోయే వేళకు సంజామల ఊరి ముసలామె జీవమ్మ మనవరాలు ఏంజెల్‌ను ఎత్తుకొచ్చింది. అదీ మోచెయ్యే. బిగదీసి కట్టిన కట్టు కింద వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు కట్టు కోసి పారేశాడు. అయినా నాడి అందలేదు.

"ఈ పాప ముందు. మీది ఆగుతుంది."

"నిన్నట్నుంచీ ఉండాం సార్. అడిగేవాళ్లు లేరనేనా?"

"ఆ చెయ్యి ముట్టుకో."

ముట్టుకుంది. తెల్లారుజాము బోరింగు పిడిలా చల్లగా ఉంది. తన బిడ్డ మంచాన్ని తనే పక్కకు లాగింది.

ఫోను మోగింది. అత్త.

"ఇంకా చెయ్యలేదా? ఈడయితే నిన్ననే కట్టు పడుండు." పెట్టేసింది.

ఏ చెయ్యి ఆగుతుందో ఏది ఆగదో చెప్పే మనిషి ఊళ్లో లేడు. దానికి ఎవడూ సిగ్గుపడడు. నింద మాత్రం ఆడదాని నెత్తిన.

జీవమ్మ గోడకానుకుని, "నేనే కట్టించినా," అని తనలో తానే అనుకుంటోంది. జైనాబీ పక్కన కూర్చుంది. చివరికి ఏంజెల్ నాడి తిరిగొచ్చిందని డాక్టరు చెప్పాక, ముసలామె లేచి లోపలికి పోయింది. మళ్లీ జైనాబీ ఒక్కతే.

సానియా వంతు పొద్దు వాలాక వచ్చింది. ఆపరేషన్ అయి తెలివి రాగానే, ఎవరూ అడక్కముందే, పట్టీలోంచి బయటికున్న వేళ్లతో గుండ్రం చుట్టింది.

చూపిద్దామని జైనాబీ పక్కకు తిరిగింది. ఎవరూ లేరు. పీరాకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"అమ్మా, రోజా అయిపోయిందా?"

అప్పుడే వచ్చిన నర్సు నీళ్లియ్యొచ్చని తలూపింది. జైనాబీ చెంచాడు నీళ్లు బిడ్డ నోట్లో పోసింది. అది మింగాకే తను సీసా ఎత్తింది.