కత్తిరించిన మాత్రల షీట్లు

మా చెల్లెలికి రక్తంలో జబ్బు. రోజుకొక మాత్ర, బతికున్నన్నాళ్ళూ. ఒక నెల మాత్రలు కొనాలంటే నేను ఆరు నెలలు తాళాలు బాగుచేయాలి. ఆస్పత్రి కింది అంతస్తులో సహాయం చేసే కిటికీ ఒకటుందని, అక్కడ అడిగితే మందుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇస్తారని డాక్టరు చెప్పారు.

ఊరికే అన్న మాట నాకు నచ్చలేదు. నలభై ఏళ్ళలో నాకెవరూ ఊరికే ఒక మేకు కూడా ఇవ్వలేదు.

కిటికీ దగ్గరి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కాగితాలు తీసుకుని మాత్రలిచ్చింది. చివర్న, "వాడేశాక ఖాళీ షీట్లు తెచ్చివ్వాలి పెద్దాయనా. అవి చూశాకే పై నెల మందు," అంది.

"ఖాళీవి మీకెందుకు?"

"రూలండి."

అంతకు మించి చెప్పలేదు. వెనక చాలామంది నిలబడి ఉన్నారు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. మందిచ్చేవాడికి చెత్తతో పనేమిటి? ఒకటే పని. ఆ గుంటల్లో సుద్ద బిళ్ళలు పెట్టి, వెనక మళ్ళీ రేకు అతికించి, మా చెల్లెలి లాంటి ఇంకో మనిషికి అమ్ముకోవడం. షీటు మీద పేరు అసలుదే, నంబరు అసలుదే. ఎవడు పట్టుకుంటాడు?

చెల్లెలికి ఈ మాట చెప్పలేదు. మందు మీద దానికి నమ్మకం పోకూడదు. ఒక్కో షీటు ఖాళీ కాగానే రేకులు కోసే కత్తెరతో ముక్కలు చేసి కవరులో వేశాను. ఇవ్వమన్నారు కాబట్టి ఇస్తాను. పనికొచ్చేలా మాత్రం ఇవ్వను.

నెల చివర ఇద్దరం వెళ్ళాం. ఆ పొద్దున వేసుకున్నదే ఆఖరు మాత్ర.

ఆ అమ్మాయి కవరు బల్ల మీద కుమ్మరించింది. "ఇదేంటండీ?"

"ఖాళీ షీట్లు."

"ఇలాగా? నంబరు కనపడాలి కదా. ఇరవై ఎనిమిది గుంటలూ లెక్క తేలాలి. లేకపోతే మందు బయట అమ్ముకున్నారనుకుంటారు పైవాళ్ళు."

"మేమా అమ్ముకునేది?"

"మీరని కాదు. అలా చేసేవాళ్ళున్నారు, అందుకే ఖాళీలు అడిగేది." గొంతు తగ్గించింది. "ఇవి చూపిస్తే మందు ఆపేస్తారండీ."

చెల్లెలు నా వైపు తిరిగింది. "అన్నయ్యా, ఏం చేశావు?"

చెప్పాను. సుద్ద బిళ్ళల సంగతి కూడా.

అది బల్ల మీది ముక్కల్ని ఒకచోటికి పోగేసింది. తర్వాత ఆ అమ్మాయితో, "ఈయనతో ఎప్పుడూ ఇదే గోలమ్మా. అద్దంలో తన మొహం కనపడినా ఎవడ్రా నువ్వు అని అడిగే రకం," అంది.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని తెల్లకాగితం తీసింది. "మీరు రాసిచ్చినట్టు ఒక కాగితం పైకి పంపుతాను. సంతకం చెయ్యండి." గబగబా రాసి నా ముందుకు తోసింది.

నేను చదివింది మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. వెనక ఎవరో, "తెల్లారినట్టే," అన్నారు. చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను. 'ఇంట్లో పిల్లలు ఆడుకుంటూ కత్తిరించేశారు' అని ఉంది.

"మా ఇంట్లో పిల్లల్లేరు."

"లేరని వాళ్ళకేం తెలుస్తుందండీ. ఇలా అయితే గొడవుండదు."

"ఎవరైనా ఇంటికొచ్చి చూస్తే?"

"ఎవరూ రారు."

రారని ఈమెకెలా తెలుసు? అబద్ధం కింద నా సంతకం ఈమె దగ్గరుంటుంది. ఎప్పుడు బయటికి తీస్తుందో ఎవరికి తెలుసు?

"పెట్టు అన్నయ్యా," అంది చెల్లెలు. మెల్లగా అంది. "రేపటికి మాత్ర లేదు."

దాని మొహం చూడలేకపోయాను. కాగితం వెనక్కి తోశాను.

"నేను చెప్పింది రాయమ్మా. తాళాలు చేసేవాణ్ణి. పాత తాళంచెవి పారేసేటప్పుడు పళ్ళు అరగదీసి పారేస్తాను, దొరికినవాడు వాడుకోకుండా. వీటినీ అందుకే కత్తిరించాను. మీరు మోసం చేస్తారని అనుమానపడ్డాను. మాత్రలన్నీ మా చెల్లెలే మింగింది. అంతే."

"ఇలా రాస్తే వాళ్ళకి కోపం రావచ్చు."

"రావచ్చు."

రాసింది. చదివి సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని, ముక్కల్ని ఫోటో తీసి పంపింది. మేం బెంచీ మీద కూర్చున్నాం. చెల్లెలు సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. గంటన్నర అలాగే గడిచింది.

చివరికి ఆ అమ్మాయి పిలిచింది. "ముక్కలు అతికించి లెక్క చూపిస్తే ఇమ్మన్నారు. ఈ ఒక్కసారికే." టేపు కూడా ఇచ్చింది.

బెంచీ మీద పరుచుకున్నాం. నేను అంచుకు అంచు కలిపితే చెల్లెలు టేపు వేసింది. నన్ను వెయ్యనివ్వలేదు. నాలుగు షీట్లూ తేలాయి. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కో గుంటా లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది.

కొత్త మాత్రలు నాకివ్వబోతే చెల్లెలు ముందే చెయ్యి చాపి అందుకుంది. "ఇకనుంచి ఖాళీలు నా దగ్గరుంటాయి. నువ్వు చెయ్యి పెట్టావో, ఆ కత్తెర నూతిలో పడేస్తాను."

"సరే," అన్నాను.

సంచి మాత్రం నేనే పట్టుకున్నాను.