సత్యవ్వ బావి

పొద్దున లేవగానే సత్యవ్వ చాయ్ తాగదు, బావి మెట్లు లెక్కపెడుతుంది. మేడిపల్లి శివారులో ఆమె పసుపు చేనుకు ఉన్న దిగుడు బావిలో నీళ్లు ఆమె ఒంటిని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. కొడుకు సాగర్ కడుపులో ఉన్న ఏడాది బావి నిండి పొర్లింది. ఆమెకు జ్వరమొస్తే అడుగంటుతుంది. అందుకే పక్క చేను పోచయ్య తన మక్కజొన్నకు ఈ బావిలో మోటారు పెట్టేముందు, వదినా పానం ఎట్లున్నదని అడుగుతాడు. కొంత ప్రేమ, కొంత మక్క.

డెబ్బై రెండో ఏట ఆమె కడుపులో క్యాన్సర్ గడ్డ బయటపడింది. మూడు వారాలకో కీమో. మొదటిదానికి జుట్టు పోతే, నవ్వి దువ్వెన మనవరాలు వర్షకిచ్చేసింది. రెండోదానికి నవ్వు రాలేదు. ఆగని వాంతులు, అరికాళ్లలో తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి. నాలుగో మెట్టు మీదుండే నీళ్లు పదకొండో మెట్టుకు దిగాయి. పోచయ్య మోటారు విప్పుకుపోతూ, ఈ వయసులో ఆ మందెందుకు, ఇక చాలించమని సలహా కూడా పడేసి పోయాడు. సత్యవ్వకు ఒళ్లు మండింది. బతకాలనుకోవడానికి వయసు అడ్డమా?

మూడో కీమో నాడు చేంతాడును బావిలోకి వదిలి, నీళ్లు తగిలిన చోట ముడేసి సంచిలో పెట్టుకుంది. వర్షను తీసుకుని కోరుట్ల దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో దవాఖానకు చేరింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగానే ఉందని, కిడ్నీలకేమీ కాలేదని చెప్పి నర్సు పాత మోతాదే సిద్ధం చేసింది.

సత్యవ్వ చెయ్యి చాపలేదు. డాక్టరొస్తేనే సూది అంది. వచ్చిన డాక్టరమ్మ మనస్విని సిరిసిల్ల పిల్ల, అవ్వ బావి సంగతి మొదటి కీమో నాడే విన్నది. సత్యవ్వ తాడు తీసి ఆమె ముందు పెట్టింది.

"మీ కాయితం మంచిగున్నది అంటున్నది. నా బాయి మంచిగ లేదంటున్నది."

"ఎన్ని మెట్లు దిగింది అవ్వా?"

"ఏడు."

"మందు బంద్ చేద్దామా?"

"బంద్ అన్నోళ్లను ఊర్లనే ఇడిసిపెట్టి అచ్చిన. నా కిడ్నీలు ఎంత మోస్తయో గంతనే పెట్టు. గడ్డను మాత్రం ఇడువకు."

మనస్విని ఫైలు తిరగేసింది. మొదటి రోజు రాసిన యాభై రెండు కిలోలే ప్రతి పేజీలోకీ ఎక్కించారు. అవ్వను కాటా మీద నిలబెడితే ముప్పై ఎనిమిది. డాక్టరమ్మకు సిగ్గేసింది. కండ కరిగిపోయిన ముసలివాళ్లలో కిడ్నీలు సగం పడిపోయినా ఆ పరీక్ష బాగానే కనిపిస్తుందని, వయసూ బరువూ కలిపి లెక్క వేయాల్సిందని వర్షకు చెప్పింది. అలా లెక్కేస్తే మూడో వంతు పనే మిగిలింది. మోతాదు తగ్గించి రాసింది. ఆ పూట వార్డులోని ముసలివాళ్లందరినీ మళ్లీ తూకం వేశారు.

ఐదో కీమో దాటేసరికి గడ్డ కరిగి శనగగింజంత అయింది. నీళ్లు ఆరో మెట్టుకు ఎక్కాయి. పోచయ్య మోటారు భుజాన వేసుకొచ్చి గట్టు మీద నిలబడ్డాడు. సత్యవ్వ బోడి గుండుతో మెట్టు మీద కూర్చుని, తీరిగ్గా కాళ్లు కడుక్కుంది.

"వదినా, మక్క ఎండుతున్నది."

"గంటసేపు పెట్టుకో. సోమారం నాకు సూది ఉన్నది, నా నీళ్లు నాకు గావాలె."

పోచయ్య మోటారు పెట్టాడు. గంట కాగానే సత్యవ్వే లేచి వెళ్లి స్విచ్ ఆపింది.