మైకమ్మ నాలుక

బస్‌స్టేషన్‌లో ఆవిడని అందరూ మైకమ్మ అనేవారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లోనూ అదే ఉద్యోగమని భర్త వాపోయేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కానీ, ఆవిడ విషయంలో ఊరే సర్దుకుపోయింది.

కేన్సర్ వచ్చిందని చాలా ఏళ్ళ కిందటే ఒక కిడ్నీ తీసేశారు. పీడ విరగడైందనుకుంది. ఇప్పుడు నాలుక అంచున శనగగింజంత బుడిపె లేచి, ముద్ద తగిలితే చాలు రక్తం కారుతోంది. పన్ను గీసుకుందిలే అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి ముక్క తీసి పరీక్షిస్తే, అది పాత కిడ్నీ కేన్సరే.

"కిడ్నీ ఎక్కడ, నాలుక ఎక్కడ డాక్టరుగారూ? దానికి ఇంకెక్కడా చోటే దొరకలేదా?"

"ఇలా రావడం అరుదేనమ్మా. కానీ ఈ జబ్బు ఏళ్ళ తరబడి నక్కి ఉండి, ఎవరూ అనుకోని చోట తేలుతుంది. నాలుకలో ఆ భాగం తీసేయాలి. మాట నంగిగా వస్తుంది. మళ్ళీ ఇంకోచోట తేలదని నేను చెప్పలేను."

"కొయ్యండి. మిగిలింది నాకు చాలు" అంది మైకమ్మ. ఇంటికొచ్చాక మాత్రం తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చావుకి కాదు, మాట పోతుందని.

కుట్లు మానాక డ్యూటీకి వెళ్తే, మైకు ముందు కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. స్టేషన్ మేనేజరు మైకమ్మకి సొంత మరిదే.

"వదినా, నీ మంచికే చెప్తున్నా. సామాన్ల గదిలో కూర్చో. ఎవరితోనూ మాట్లాడే పనుండదు."

"అంతే నోలు మూతుకోమనా?" మాట నంగిగా వచ్చింది గానీ, కోపంలో ఏ లోటూ లేదు.

"జనం నవ్వుతారు వదినా. నేను చూడలేను."

"అయితే చూలకు. అతు తిలుగు."

కొత్తమ్మాయి కుర్చీ ఖాళీ చేసింది. మైకమ్మ కూర్చుని మీట నొక్కింది.

"ఏలో నంబలు బత్తు మూలో ప్లాత్‌ఫాలం మీద తిద్ధంగా ఉంది."

బెంచీల మీంచి ఒక్కరూ లేవలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. మరిది తల దించుకున్నాడు. మైకమ్మకి చెవులు వేడెక్కాయి. మీట కట్టేసి లేచిపోదామనిపించింది. లేవలేదు. ఇంకాస్త ముందుకి వంగి, మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"నవ్వింది తాలు! మీలు ఎక్కాల్తింది ఆ బత్తే. అది పోతే మల్లీ లేపే!"

నవ్విన వాళ్ళందరూ సంచులు చంకన పెట్టుకుని, మూడో ప్లాట్‌ఫారం వైపు పరుగు లంకించుకున్నారు.