చక్రాలవాళ్ళు

మా ఆయన నలభై ఏళ్ళు ఊరందరికీ కళ్ళద్దాలు సానపట్టారు. ఇప్పుడు ఆయన చూపే పోయింది. కిటికీ దగ్గర చేపల్లేని చిన్న గాజుతొట్టి, పక్కన మైక్రోస్కోపు మాత్రం అలాగే ఉన్నాయి. రోజూ పూజ అయ్యాక తొట్టిలోంచి ఒక చుక్క తీసి, అందులో కనిపించింది ఆయనకు చెప్పడం నా పని.

"చక్రాలవాళ్ళు లేచారా?" అని మంచం మీంచే అడిగేవారు. నాచుపోగును కాలితో పట్టుకుని, తల మీద రెండు చక్రాలు తిప్పుతున్నట్టు కనిపించే ప్రాణులవి.

"లేచారు, మీకన్నా ముందే."

ఆ మాట విన్నాకే మంచం దిగేవారు.

ఒకరోజు తొట్టిలో నీళ్ళు తగ్గాయని చెంబుడు కుళాయి నీళ్ళు పోశాను. ఆయనైతే రెండు రోజులు బకెట్లో ఎండకు ఉంచి, అందులో కలిపిన క్లోరిన్ మందు వాసన పోయాకే పోసేవారు. దేవుడికి పెట్టే నీళ్ళే కదా, ఇంతకన్నా శుభ్రం ఏముంటుందనుకున్నాను.

మర్నాడు చుక్కలో ఏదీ కదల్లేదు.

"లేచారా?"

"లేచారు," అన్నాను.

మూడు రోజులు అదే అబద్ధం. నాలుగో రోజు దీపం వెలిగించబోయి, అగ్గిపెట్టె పక్కన పెట్టేశాను. వెళ్ళి చెప్పేశాను.



"పాలు పొంగకుండా చూడమంటేనే చూడవు. నీకు అప్పగించినందుకు నన్ననాలి," అన్నారు. తర్వాత మెల్లగా, "అడుగు బురద కదపకు. అందులో గుడ్లుంటే ఉంటాయి," అన్నారు.

ఆ రోజు నుంచి అడగడం మానేశారు. ఏ పదింటికో తప్ప లేవడం లేదు. కంటికి ఆనని ప్రాణి కోసం దేవుణ్ణి అడగొచ్చా? అదీ నా చేతులతో నేనే చంపుకుని? తెలియలేదు. అయినా అడిగాను.

పదకొండో రోజు నాచుపోగు మీద ఒక్కటి కనిపించింది.

"ఏమండీ! వచ్చింది!"

"మళ్ళీ ఓదార్పా?"

ఆయన గోడ తడుముకుంటూ వచ్చి, మైక్రోస్కోపు ఉన్న బల్ల మీద వేలితో టక్కుమని కొట్టారు. ఎందుకో నాకర్థం కాలేదు.

"ఇప్పుడు చెప్పు."

"అయ్యో, ముడుచుకుపోయింది. చక్రాలు లోపలికి లాగేసుకుంది."

"ఇప్పుడు?"

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"లేదండీ... ఉండండి. సాగుతోంది. ఒక చక్రం... రెండోదీ. తిప్పుతోంది."

ఆయన మళ్ళీ కొట్టబోయి, వేలు గాల్లోనే ఆపేశారు.

"వద్దులే, బెదురుతుంది," అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.