సుష్మ చుట్టిన కండెలు

నేసేవాడు లేని మగ్గానికి కోడలు పొద్దస్తమానం కండెలు చుడుతుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుందా, మండదా? నాకు మండింది. మదనపల్లెలో మా వీధి నిండా పట్టు మగ్గాలే. మగవాళ్లు చీర నేస్తుంటే, అడ్డంగా పోయే పట్టును చిన్న గొట్టాలకు చుట్టి అందించడం ఆడవాళ్ల పని. ఆ గొట్టాలే కండెలు. నా కొడుకు చేతన్ మగ్గం దగ్గరే గుండె ఆగి పోయాడు. కర్మంతరం అయిన మర్నాడే సుష్మ రాట్నం ముందు కూర్చుంది. ఏడవదు, మాట్లాడదు, పెట్టింది రెండు ముద్దలు తిని మళ్లీ రాట్నమే. బుట్టలు నిండాయి, అటక నిండింది. అరిచాను. రాట్నం దాచేశాను. చేత్తో చుట్టుకుంది మొండిఘటం. చివరికి నేనే తెచ్చి దాని ముందు పెట్టాను.

కుప్పం నుంచి దాని అన్న హరీష్ వచ్చి, చెల్లెలికి ఏదో సోకిందని, తీసుకుపోయి తాయెత్తు కట్టించి ఇక అక్కడే ఉంచుకుంటానని చెప్పాడు. చెడ్డవాడు కాదు పాపం. కానీ అది పోతే చేతన్ ఎట్లా నవ్వేవాడో తెలిసిన మనిషి నా ఇంట్లో ఇంకెవరుంటారు? వచ్చే నెల వరకు ఆగమని బతిమాలుకున్నాను. ఆ భయంతోనే, పక్కింటివాళ్లు చెప్పిన అస్మా దగ్గరికి దాన్ని చెయ్యి పట్టి లాక్కుపోయాను.

మందుల షాపు మేడమీద ఒక్క గది. కౌన్సెలింగ్ చేసే మనిషంటే ఎవరో పెద్దావిడ అనుకున్నాను. చూస్తే ముప్పై నిండని పిల్ల. కడుపుకోత గురించి నీకేం తెలుసని మొహం మీదే అడిగేశాను.

ఆ అమ్మాయికి కోపం రాలేదు. వాళ్లది పుంగనూరట. నాన్నది పట్టుగూళ్ల వ్యాపారం. తను ఇంటర్ చదివేటప్పుడు అన్న కలీం రోడ్డు ప్రమాదంలో పోయాడట. తల్లి మైమూన్ బీ ఏడుస్తుందని ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తకూడదనుకున్నారట. ఏళ్ల తరబడి ఎత్తలేదు. చివరికి ఆ తల్లి, నా బిడ్డను మీరంతా మర్చిపోయారని అందరితో మాటలు మానేసిందట. అది చూశాకే ఈ చదువు చదవాలనుకుందట. కుప్పంలో డిగ్రీ, బెంగళూరులో సైకాలజీ, అక్కడే ఓ పెద్దాసుపత్రిలో, తమవాళ్లను ఉన్నపళాన పోగొట్టుకున్నవాళ్ల మధ్య ఉద్యోగం. మన పక్క ఈ పని చేసేవాళ్లు తక్కువని తిరిగి వచ్చేసింది. ఇదంతా చెప్పి, మీ అబ్బాయి పేరేంటమ్మా అని అడిగింది. చేతన్ అన్నాను, మళ్లీ ఒకసారి చేతన్ అన్నాను. ఆ పేరు నేను నోటితో అని ఎన్నాళ్లయిందో! వైద్యం కోడలికని పోతే ఈ పిల్ల నాతో మొదలుపెట్టిందే అనుకున్నాను.

సుష్మ ఆ గదిలో నోరు విప్పలేదు. అస్మా బలవంతపెట్టలేదు, మా ఇంటికే రావడం మొదలుపెట్టింది. రాట్నం ఆపమని ఒక్కసారైనా అనలేదు. పక్కన కూర్చుని, నాకూ నేర్పించు అంది. ఆమె చుట్టిన కండె చూడాలి, వదులు వదులుగా, జారిపోతూ! సుష్మ చూడలేక లాక్కుని విప్పి మళ్లీ చుట్టింది. అన్ని నెలల్లో అది ఇంకో మనిషిని పట్టించుకోవడం అదే మొదలు. నేనైతే ఇదేం వైద్యమని సణిగేదాన్ని. అస్మా నన్ను అడిగింది ఒక్కటే: ఓదార్చడానికని కోడలికి అబద్ధం చెప్పొద్దు.

హరీష్ తీసుకుపోవడానికి వచ్చిన రోజు కూడా ఆమె వచ్చి అట్లాగే కూర్చుంది. బ్యాగు గుమ్మంలో ఉంది.

"చేతన్‌కి ఇన్ని కండెలు యాల సుష్మా?" అని మెల్లగా అడిగింది.

రాట్నం ఆగింది. "ఆ పొద్దు కండె అడిగినాడు. నేను ఫోన్ చూస్తా ఉండి, నువ్వే తెచ్చుకోపో అంటిని. లేసినాడు, పడిపోయినాడు. నేను ఇచ్చింటే బతికుండునక్కా."

పొద్దుటి నుంచే వాడి గుండె దెబ్బతింటూ ఉందని, కూర్చున్నా ఆగిపోయేదేనని డాక్టరు మా అందరికీ ఎప్పుడో చెప్పాడు, ఆ సంగతి నేను అస్మాకూ చెప్పాను. అయినా ఒక్క క్షణం దాన్ని చెంప పగలగొట్టాలనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది. హరీష్ ఏదో సర్దిచెప్పబోతే అస్మా చెయ్యెత్తి ఆపింది. తను కూడా డాక్టరు మాట ఎత్తలేదు. సుష్మ నా వైపే చూస్తోంది.

"మీకు నా మింద కోపం లేదా అత్తా?"

లేదమ్మా అనడం ఎంత తేలిక! నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నమ్మదు. నమ్మకపోతే జన్మంతా కండెలు చుడుతూనే ఉంటుంది.

"ఉండాది," అన్నాను. "కోపం ఉండాది. ఉంటే ఉండనీ, దాంతో నా పాట్లు నేను పడతా. నువ్వు మాత్రం నా కండ్ల ముందరే ఉండల్ల."

సుష్మ నా ఒళ్లో పడి, వీధంతా వినబడేలా ఏడ్చింది. ఊరుకోమ్మా అని ఎవరూ అనలేదు. అస్మా మా ఇద్దరి పక్కనే ఆ ఏడుపు ఆగేదాకా కూర్చుంది. ఆ సాయంత్రం హరీష్ ఒక్కడే కుప్పం బస్సెక్కాడు.